పలక అందని బిడ్డ



మార్కాపురము పేరు చెప్పగానే తెలుగువారికి పలక జ్ఞాపకమునకు వచ్చును. ఈ ఊరి చుట్టుపట్ల గనులనుండి పలకరాయిని తీసి, పలుచని రేకులుగా చీల్చి, నునుపుచేసి, చెక్క చట్రములో బిగించి మన పనివారు దూరదేశముల బడిపిల్లల చేతులకు సైతము అందించిరి. కాగితమును, ప్లాస్టిక్కును వచ్చిన పిమ్మట ఆ పరిశ్రమ పూర్వపు వెలుగును కోల్పోయినది గాని, ఊరి పేరునుండి పలక మాత్రము విడిపోలేదు. ఇన్ని పలకలను లోకమునకు ఇచ్చిన సీమలో, పలక చేతికి అందని బిడ్డ ఒక్కడున్నను అది ఎవరి లోపము? ఈ ప్రశ్నను మీ ముందుంచుటకే నేడు మేము వచ్చితిమి.

చూపు మందగించిన బిడ్డ, మాట వినబడని బిడ్డ, కాలుచేతులు స్వాధీనములో లేని బిడ్డ, బుద్ధి నెమ్మదిగా వికసించు బిడ్డ, తన లోకములో తానుండి పిలిచినను పలుకని బిడ్డ - వీరిని గూర్చియే మా మాట. అంతకంటె ముఖ్యముగా, వీరిని కన్నవారిని గూర్చి. ఒకప్పుడు వీరిని వికలాంగులనిరి. పిమ్మట దివ్యాంగులనిరి. మన రాష్ట్ర ప్రభుత్వ వ్యవహారములో విభిన్న ప్రతిభావంతులని వ్రాయుచున్నారు. పేరు మారుట మంచిదే. కాని వీధి అరుగుమీద కూర్చున్నవారు ఆ బిడ్డను ఏ పేరుతో పిలుచుచున్నారో అది మారనంతకాలము, కాగితముపై మారిన పేరు తల్లి చెవికి చేరదు.

పశ్చిమ ప్రకాశమని మనము వాడుకగా చెప్పుకొను ఈ సీమ చరిత్రను ఒక్కమారు తలచుకొందము. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండెడివి. పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో ఉండెడివి. ఆ సంవత్సరమున ఇవన్నియు కొత్త జిల్లాలో చేరినవి. ఏ జిల్లాలో నున్నను ఇక్కడివారికి జిల్లా కేంద్రము తరతరములుగా దూరముగానే ఉండెను. దూరమనగా కేవలము మైళ్ల లెక్క కాదు. నడువలేని బిడ్డను భుజముపై వేసికొని, ఒక బస్సు దిగి మరొక బస్సు ఎక్కి, ఒకనాటి కూలి పోగొట్టుకొని, అక్కడ ఎవరిని అడుగవలెనో తెలియక నిలుచుండుట - తల్లికి దూరమనగా ఇది.

ఈ సీమకు మరొక బాధ కలదు. 1937వ సంవత్సరమున వైద్య పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఎముకలు బిగిసి, మెడయు నడుమును వంగక కష్టపడుచున్న వారిని పరీక్షించి, దానికి త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి శాస్త్రీయ వివరణలలో అది ఒకటి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నిపుణులు చెప్పుదురు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన బిడ్డకు పండ్లు గారపట్టును. కొందరికి ఎముకలు వంకరపోవును. నీటిని కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదని గృహిణులు గుర్తుంచుకొనవలెను. కాచిన కొలది నీరు తగ్గును గాని ఆ లవణము తగ్గదు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఇట్టి బిడ్డ పుట్టగానే, "ఏ జన్మలో ఏమి పాపము చేసినదో" అని తల్లివైపు చూచుట మనకు అలవాటు. నేలలోని రాతినుండి నీటిలోనికి దిగిన దోషమునకు ఏ తల్లి బాధ్యురాలు? కాన్పు ఆలస్యమై బిడ్డ మెదడునకు ప్రాణవాయువు అందకపోయినచో ఆ తల్లి చేసిన తప్పేమి? మేనరికపు పెండ్లిండ్లలో కొన్ని పుట్టుకతో వచ్చు లోపములు, ముఖ్యముగా పుట్టుచెవుడు, కనబడు అవకాశము హెచ్చని వైద్యులు చెప్పుదురు. ఆ సంబంధమును నిశ్చయించినది కూడ ఆమె ఒక్కతె కాదు గదా. కారణము నేలలోను, నీటిలోను, ఆసుపత్రికి గల దూరములోను, మన ఆచారములోను పంచబడియున్నది. కారణము అందరిదైనపుడు భారము ఒక్క ఇంటిదే ఎట్లగును?

ఒక తల్లిని ఊహించుకొందము. తర్లుపాడు ప్రక్కననో, కొమరోలు ప్రక్కననో ఒక పల్లె. భర్త మేస్త్రీ పనికై హైదరాబాదుననో బెంగుళూరుననో ఉన్నాడు. ఆమె మిరపచేలలో కూలికి పోవును. అయిదేండ్ల కుమారునికి కాళ్లు బిగిసియుండును. మాట ముద్దగా వచ్చును. కాని తల్లి నవ్వినచో నవ్వును, ఆమె ఏడ్చినచో ఏడ్చును. ఆమె ఇప్పటికే నాలుగు గుళ్లు తిరిగినది, ఇద్దరు నాటువైద్యులను చూచినది, మెడలోని పుస్తెలను ఒకమారు కుదువపెట్టినది. ఆమెకు లేనిది ప్రేమ కాదు, ఓపిక కాదు. ఇది చేయుము, ఇచ్చటికి పొమ్ము అని వరుసగా చెప్పు మనిషి లేదు. ఆ వరుసనే మేమిప్పుడు చెప్పబోవుచున్నాము.

మొదటిది, త్వరగా గుర్తించుట. నెలలు నిండి పుట్టిన బిడ్డ అయిదవ నెలకైనను మెడ నిలుపకున్నను, తొమ్మిదవ నెలకు కూర్చుండకున్నను, ఏడాది నిండినను పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడకున్నను, ఏడాదిన్నర దాటినను నడువకున్నను ఉపేక్షింపరాదు. "వాళ్ల నాయన కూడ ఆలస్యముగానే మాటలాడెను" అని పెద్దలు ధైర్యము చెప్పుదురు. కొన్నిమార్లు అది నిజమే కావచ్చును. కాని పరీక్ష చేయించినందువలన పోవునదేమి? అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు ఈ సంగతి చెప్పవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుకనుండి 18 ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని పై ఆసుపత్రికి పంపవలెను. వినికిడి విషయమున ఆలస్యము మరింత హాని చేయును. మాట నేర్చు వయస్సు బిడ్డకు మొదటి మూడు నాలుగేండ్లే. ఆ కాలములో ధ్వని చెవిని చేరకున్నచో, తరువాత ఎంత ఖరీదైన యంత్రము తగిలించినను మాట సులభముగా పట్టుబడదు.

రెండవది, ధ్రువపత్రము. చాలమంది దీనిని పింఛను కాగితమని మాత్రమే తలంతురు. నిజమునకు ఇది అనేక తలుపులకు ఒకే తాళపుచెవి. మన రాష్ట్రమున సదరం అను పద్ధతిలో వైద్యులు పరీక్షించి ఈ పత్రమును ఇత్తురు. గ్రామ సచివాలయముగా మనమెరిగిన కార్యాలయములోగాని, మీసేవ కేంద్రములోగాని ముందుగా పేరు వ్రాయించుకొన్నచో, ఏనాడు ఏ ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెనో తెలియజేయుదురు. దీనికి తోడు దేశమంతట చెల్లు ప్రత్యేక గుర్తింపు కార్డు కూడ కలదు. 40 శాతము లేక అంతకు మించిన వైకల్యమున్నదని నిర్ణయమైనవారికి పెక్కు సౌకర్యములు వర్తించును.

ఆనాడు పోవునపుడు బిడ్డ ఆధారు కార్డును, పూర్వపు చికిత్స కాగితములన్నింటిని వెంట తీసికొనిపోవలెను. కాన్పునాటి ఆసుపత్రి చీటీ సైతము పనికివచ్చును. పసిబిడ్డలకు కొన్నిమార్లు కొంతకాలమునకే చెల్లు పత్రమిత్తురు. ఆ గడువు తేదీని ఇంటి గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుకొనవలెను. నిర్ణయము సరికాదని తోచినచో మరల పరీక్షింపుమని పై అధికారులకు అప్పీలు చేసికొను హక్కు 2016వ సంవత్సరపు చట్టములోనే కలదు. ఇట్లడుగుట పోట్లాట కాదు.

ఆ చట్టమును గూర్చి రెండు మాటలు. 1995లో వచ్చిన మొదటి చట్టము ఏడు విధములైన వైకల్యములనే గుర్తించెను. 2016లో ఆమోదము పొంది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన చట్టము 21 విధములను గుర్తించినది. అక్షరములు తారుమారుగా కనబడు అభ్యసన లోపము, ఆటిజము, తలసేమియా వంటి రక్తవ్యాధులు కూడ ఇందులో చేరినవి. మొద్దు అనిపించుకొని వెనుక బల్లమీద కూర్చున్న పిల్లలలో కొందరు మొద్దులు కారని, వారి చదువునకు వేరొక దారి కావలెనని ఈ చట్టము అంగీకరించినది.

మూడవది, బడి. ఆరేండ్లనుండి పద్నాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకు ఉచిత విద్య హక్కుగా 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. 40 శాతము, అంతకు మించిన వైకల్యము గల పిల్లలకు ఆ హక్కు 18 ఏండ్ల వరకు సాగును. కావున దగ్గరి బడిలో ఇట్టి బిడ్డను చేర్చుకొనుట ఉపాధ్యాయుని దయ కాదు, బిడ్డ హక్కు. బడికి రాలేనంత తీవ్రమైన వైకల్యమున్న బిడ్డకు ఇంటియొద్దనే చదువు పొందు వీలును 2012 నాటి సవరణ కల్పించినది.

మన మండల కేంద్రములలో భవిత కేంద్రములను పేరుతో సమ్మిళిత విద్యకై నెలకొల్పిన కేంద్రములు కలవు. అక్కడ ఈ పిల్లలకు బోధించుటకు ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులుందురు. ఫిజియోథెరపీ నిపుణులు వచ్చి బిగిసిన కాలుచేతులకు వ్యాయామము చేయింతురు. రాకపోకలకు, తోడు వచ్చువారికి, చూపులేనివారికి పాఠము చదివి వినిపించువారికి భత్యములు, ఆడపిల్లలకు ఉపకారవేతనము సమగ్ర శిక్ష పథకములో ఏర్పాటైనవి. మేము తల్లులకు ముఖ్యముగా చెప్పునది వేరొకటి. నిపుణుడు వచ్చు రోజులు కొన్నే; ఇంటిలో మీరుండు రోజులు అన్నియు. అతడు చేయించు వ్యాయామమును ప్రక్కన నిలిచి చూచి, చేతితో చేసి, తప్పును దిద్దించుకొని నేర్చుకొనుడు. ప్రతి దినము స్నానమునకు ముందు పావుగంట చేసిన పని, ఎప్పుడో ఒకనాడు గంటసేపు చేసిన పనికంటె బిడ్డకు మేలు చేయును.

తరగతిలో ఉపాధ్యాయుడు చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. చెవి మందముగా నున్న బిడ్డను ముందు బల్లమీద కూర్చుండబెట్టి, నల్లబల్లవైపు తిరిగి గాక అతనివైపు తిరిగి మాటలాడవలెను. చూపు తక్కువగా నున్న బిడ్డకు కిటికీ వెలుతురు అందు చోటు ఇచ్చి, పెద్ద అక్షరములతో వ్రాయవలెను. నడువలేని బిడ్డయున్న తరగతిని మేడమీద పెట్టరాదు. మరుగుదొడ్డికి పోవు దారిలో మెట్టున్నచో దానిని వాలుగా చేయింపవలెను. ఆ ఒక్క మెట్టు కారణముగానే ఎదిగిన ఆడపిల్ల చదువు ఆగిపోవుట మనమెరుగని సంగతి కాదు. పరీక్షలలో వ్రాయలేనివారికి వ్రాయుటకు సహాయకుడు, అదనపు సమయము, కొన్ని వైకల్యములకు మరికొన్ని మినహాయింపులు కలవు. వీటికి పరీక్ష ముందునాడు గాక, విద్యాసంవత్సరపు మొదటిలోనే దరఖాస్తు చేసికొనవలెను.

చూపులేని బిడ్డలను గూర్చి ఈ వేదికనుండి ఒక మాట చెప్పక తప్పదు. 19వ శతాబ్దిలో ఫ్రెంచి దేశమున లూయీ బ్రెయిల్ ఆరు చుక్కలతో కల్పించిన లిపి మన భారతీయ భాషలన్నింటికి వర్తించునట్లు 1951లో కుదిరినది. మన తెలుగు అక్షరములన్నియు వ్రేలికొసలతో చదువవచ్చును. దానికి తోడు రేడియో కలదు. నేడు తెలుగు అక్షరములను పైకి చదివి వినిపించు చేతిఫోనులు కూడ వచ్చినవి. కన్నులు లేని బిడ్డకు చెవి పెద్ద బడి. కావున మీ ఇంటి రేడియో దగ్గర పొరుగింటి ఆ బిడ్డకు ఒక చాప వేయుడు. వార్తలు, కథలు, పాటలు వినుచు పెరిగిన బిడ్డ మాటలో వెలితియుండదు.

నాలుగవది, ఆదాయము, చికిత్స, ఉపకరణములు. అర్హులైన దివ్యాంగులకు మన రాష్ట్రమున ఇచ్చు పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెరిగినది; పూర్తిగా మంచమునకే పరిమితమైనవారికి 15,000 రూపాయలుగా నిర్ణయమైనది. ఆటిజము, మెదడు పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యము గలవారికి కేంద్ర జాతీయ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు చికిత్సకు తోడ్పడును. చక్రాల కుర్చీ, ఊతకర్రలు, వినికిడి యంత్రము వంటివి ఆదాయ పరిమితికి లోబడి ఉచితముగా ఇచ్చు కేంద్ర పథకము కలదు. శిబిరములు జరుగునపుడు కొలతలు తీసికొందురు. పెరుగు బిడ్డకు నిరుడు తీసిన కొలత ఈ యేడు సరిపోదని మరువరాదు. ఇరుకైన బూటు, సరిపడని కుర్చీ మేలు చేయుటకు మారుగా కీడు చేయును. గుంటూరు-నంద్యాల రైలు మార్గము మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరుల మీదుగా పోవుచున్నది. అర్హత గలవారికి, వారి తోడు వచ్చువారికి రైలు ఛార్జీలలో రాయితీ లభించును. బుద్ధి వికాసమునకు సంబంధించిన పెద్ద పరీక్షలు కావలసినవారికి సికింద్రాబాదున 1984లో స్థాపించిన జాతీయ సంస్థ కలదు.

ఇంతవరకు చెప్పినవన్నియు ప్రభుత్వము ఇచ్చునవి. కాని శ్రోతలారా, మేము ఊహించుకొన్న ఆ తల్లి వీటిలో ఒక్కదానినైనను ఒంటరిగా అందుకొనగలదా? కూలి మాని, పెద్ద బిడ్డను ఎవరికో అప్పగించి, ఎదిగిన కుమారుని మోసికొని పోవలెను గదా! ఇక్కడనే ఊరు అవసరమగుచున్నది.

కంభము చెరువును చూచినవారెందరో మనలో ఉందురు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర రాజుల కాలమున కట్టిన ఆ కట్ట నేటికిని నిలిచియున్నది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడమని గుర్తింపు లభించినది. ఆ కట్టను తలపెట్టినది ఒక రాజకుటుంబమైనను, తట్టలతో మన్ను మోసినది వేలమంది. ఒక్కొక్క తట్ట చిన్నదే. ఈ పనియు అట్టిదే.

ఊరిలోని పొదుపు సంఘము వారు ధ్రువపత్రపు పరీక్షనాడు ఇద్దరు ముగ్గురు తల్లులను కలిపి ఒకే ఆటోలో పంపవచ్చును. ఆనాటి కూలి నష్టమును సంఘపు నిధినుండి సర్దవచ్చును. విశ్రాంత ఉపాధ్యాయుడు దరఖాస్తులు వ్రాసిపెట్టి, గడువు తేదీలను ఒక పుస్తకములో గుర్తుంచవచ్చును. తొమ్మిదవ తరగతి పిల్లలు ఇద్దరు వంతులవారీగా నడువలేని మిత్రుని బడికి నెట్టుకొనిపోవచ్చును. గుడి కమిటీవారు, చర్చి పెద్దలు, మసీదు పెద్దలు ఒక వాలుదారి కట్టించినచో అది అన్నదానమునకు తక్కువ పుణ్యము కాదు. పొరుగింటివారు వారమునకు ఒక్క సాయంకాలము బిడ్డను చూచుకొన్నచో, ఆ తల్లి నిశ్చింతగా తల దువ్వుకొనగలదు. ఇది చిన్న సంగతియని నవ్వకుడు. సంవత్సరముల తరబడి అట్టి సాయంకాలమునకు నోచుకొనని తల్లులు కలరు.

నల్లమల అంచులలోని చెంచు గూడెములను గూర్చి మరింత శ్రద్ధ కావలెను. దోర్నాల, యర్రగొండపాలెము అడవి దారులలో నున్న గూడెమునుండి మండల కేంద్రమునకు వచ్చుటయే ఒకనాటి పని. అట్టివారు కార్యాలయమునకు రావలెనని కూర్చుండుటకంటె కార్యాలయమే గూడెమునకు పోవుట న్యాయము. అట్లే వలస పోవు కుటుంబములు. తల్లిదండ్రులు పనికై ఊరు విడిచినపుడు ఈ బిడ్డ అవ్వతాతల చేతిలో మిగిలిపోవును. పింఛను, పరీక్ష, బడి - ఏ కాగితము ఎక్కడున్నదో ముసలివారికి తెలియదు. పోవుటకు ముందు ఆ కాగితముల సంచిని ఒక నమ్మకమైన చేతిలో పెట్టి, ఉపాధ్యాయునికి చెప్పి పోవలెను.

ఒక ఇంటి అనుభవము మరొక ఇంటికి గొప్ప నిధి. ఇట్టి బిడ్డలు గల తల్లిదండ్రులు నెలకొకనాడు భవిత కేంద్రముననో బడి వరండాలోనో కలిసికొనవలెను. ఏ ఆసుపత్రిలో ఏనాడు పరీక్షించుచున్నారు, బిడ్డ అన్నము మ్రింగుటకు ఎట్లు కూర్చుండబెట్టవలెను, మూర్ఛ వచ్చినపుడు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు - ఇవి పుస్తకములకంటె తోటి తల్లి బాగుగా చెప్పును. మూర్ఛ వచ్చినపుడు బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెనే గాని, నోటిలో చెంచా పెట్టరాదు, చేతికి తాళపుచెవి ఇయ్యరాదు. ఈ ఒక్క సంగతి ఊరంతయు ఎరిగినచో ఎంతో అపాయము తప్పును.

చివరకు, ప్రతి తల్లి రాత్రివేళ తలచుకొని కన్నీరు పెట్టుకొను ప్రశ్న ఒకటి కలదు: "మా తరువాత వీడెట్లు బ్రతుకును?" దీనికి పూర్తి సమాధానము మా యొద్ద లేదు, ఉన్నదని చెప్పుట అసత్యమగును. 18 ఏండ్లు నిండిన పిమ్మట, స్వయముగా నిర్ణయములు చేసికొనలేనివారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుటకు 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము క్రింద కలెక్టరు అధ్యక్షతన స్థానిక సంఘము కలదు. అది సమాధానములో ఒక భాగము. బిడ్డ తన పని తాను చేసికొనుటకు - బొత్తాములు పెట్టుకొనుటకు, అన్నము కలుపుకొనుటకు, పది రూపాయల నోటును గుర్తించుటకు, అంగడిలో ఉప్పు అడుగుటకు - నేడే నేర్పుట మరొక భాగము. ఆ అంగడివాడు ఆ బిడ్డను పేరుతో పిలిచి, చిల్లర సరిగా లెక్కపెట్టి చేతిలో పెట్టుట మూడవ భాగము. ఈ మూడవది ఏ ప్రభుత్వమును ఇయ్యలేదు. మనమే ఇయ్యవలెను.

ఇది సాధ్యమా అని సందేహించువారికి ఒక్క నిదర్శనము. ఒకప్పుడు ప్రతి ఊరిలోను పోలియో సోకి కాలు సన్నగిల్లిన పిల్లలు కనబడెడివారు. ఇంటింటికి తిరిగి, పొలములలో, బస్సు నిలుపు చోట్ల, రైళ్లలో సైతము చుక్కలు వేసిన వేలమంది సామాన్యుల శ్రమవలన 2011 జనవరి తరువాత మన దేశమున ఆ వ్యాధి సహజముగా ఎవరికిని సోకలేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ధ్రువపరచినది. వ్యాధిని తరుముటకు ప్రతి గడప ఎక్కిన మనము, ఆ వ్యాధి తాకి మిగిలినవారి గడపను, ఇతర వైకల్యములు గల బిడ్డల గడపను ఎక్కలేమా?

రేపు ఉదయము మీ వీధిలో బడికి పోవు పిల్లలను ఒక్కమారు లెక్కించి చూడుడు. తలుపు వెనుక నిలిచి వారినే చూచుచున్న కన్నులు ఎచ్చటనైన ఉన్నచో, ఆ ఇంటికి పోయి ఆ తల్లిని పలుకరింపుడు. సలహా తరువాత చెప్పవచ్చును. ముందు బిడ్డ పేరడుగుడు. ఆ పిమ్మట ఒక పలకను, ఒక బలపమును ఆ బిడ్డ చేతిలో పెట్టుడు. వ్రేళ్లు వంగక అక్షరము కుదరకపోవచ్చును. గీత వంకరగా పోవచ్చును. పోనిండు. పలక చేసిన మేలే అది - తుడిచి, మరల వ్రాయనిచ్చును.